తడియన్ ఎక్కడ?

“లోపల మనిషి పడి ఉన్నాడు సార్. మూలుగు నా చెవులతో విన్నాను,” అన్నాడు జీపు డ్రైవర్ అయ్యావు.

పొద్దున్నే కూలీలని ఏలకుల తోటకి తీసుకెళ్తుంటే పొగమంచులో ఎదురుగా తడియన్ కనబడింది. ఆ కొండల్లో పేరు చెబితేనే హడలిపోయే ఒంటరి మగ ఏనుగు. ఎవరిదో బైకుని తొండంతో ఎత్తి విసిరేసింది. బైకు మనిషి పాక్కుంటూ పొదల్లో దూరాడు. ముఖం కనబడలేదు. అయ్యావు జీపు తిప్పుకుని నేరుగా అటవీ ఆఫీసుకి వచ్చి పడ్డాడు.

గార్డులు తోట గేటు దగ్గరికి చేరారు. కానీ లోపలికి అడుగు వేయలేరు. చెయ్యి చాపితే వేళ్ళు కనబడని మంచు. ఏనుగు ఎటుందో తెలియకుండా వెళ్తే, పడినవాడి పక్కన మరో ఇద్దరు పడతారు.

తడియన్ మెడకి రేడియో కాలర్ ఉంది. అది పంపే సంకేతాలు ఆఫీసుకి అందుతూనే ఉన్నాయి. వాటిని చదివి చోటు చూపించే ప్రోగ్రాం మాత్రం లినక్స్‌లోనే నడుస్తుంది. ఆ లినక్స్ కంప్యూటర్‌ని మొన్నటి పిడుగు మింగేసింది. మిగిలింది ఒక్క విండోస్ కంప్యూటర్, దాని ముందు గుమాస్తా జిస్మి.

“ఆ ప్రోగ్రాం రాసింది సిజోనే కదా. ఫోన్ చెయ్యి,” అన్నాడు రేంజ్ ఆఫీసర్ కురువిళ.

“ఇవాళ సెలవు సార్. వాళ్ళక్క కూతురి బాప్తిస్మం.”

“బాప్తిస్మం రేపైనా అవుతుంది. చెయ్యమ్మా!”

సిజో చాలాసేపటికి ఎత్తాడు.

“చెప్పు.” గుసగుసలా ఉంది గొంతు.

“చేట్టా,” అంది జిస్మి, అన్నా అని పిలిచినట్టు. “తడియన్ మళ్ళీ దిగాడు. తోటలో ఒక మనిషిని...”

“తెలుసు. జీపతను వచ్చి చెప్పాడా?”

“అప్పుడే నీకెవరు చెప్పారు?”

“ఈ కొండల్లో వార్తకి రోడ్డు కావాలా? పని చూడు. విండోస్ లోపలే లినక్స్ పెట్టుకోవచ్చు. కమాండ్లు కొట్టే నల్ల కిటికీ తెరువు. అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి.”

“కాస్త గట్టిగా చెప్పు, వినబడి చావట్లేదు.”

“ఇక్కడ గట్టిగా మాట్లాడకూడదు.”

“చర్చిలో ఉన్నావా? ప్రార్థన మొదలైందా?”

“నేనైతే ఎప్పుడో మొదలెట్టాను. కొట్టు. డబ్ల్యూ ఎస్ ఎల్, ఖాళీ, రెండు అడ్డగీతలు, ఇన్‌స్టాల్.”

కొట్టింది. ఎర్ర అక్షరాలు బిలబిలా దిగాయి. ఒక సిస్టమ్ లోపల ఇంకోదాన్ని నడపనిచ్చే వర్చువలైజేషన్ ఆన్‌లో లేదట.

“ఆపి మళ్ళీ వెయ్యి. తెర వెలిగేలోపే ఎఫ్ టూ నొక్కుతూ ఉండు. లోపల ఆ పేరు వెతికి ఆన్ చెయ్యి.”

ఆపింది. అంతే, నీలం తెర పరుచుకుంది. అప్‌డేట్లు జరుగుతున్నాయి, కంప్యూటర్‌ని ఆపవద్దు అని. ముప్ఫై శాతం దగ్గర కదలకుండా కూర్చుంది.

“దీని మొహం మండ! ఇప్పుడా?” కురువిళ బల్ల మీద గుద్దాడు.

ఆయన చేతిలోని వాకీటాకీ గరగరలాడింది. “సార్, ఇందాకటి మూలుగు కూడా వినబడట్లేదు.”

జిస్మి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “చేట్టా... వాడు పోయాడేమో.”

“పోలేదు.”

“నీకెలా తెలుసు?”

“పోలేదనుకునే చెయ్యి పిల్లా. ఏడుస్తూ కొడితే అక్షరాలు తప్పుతాయి.”

నీలం తెర పోయింది. ఎఫ్ టూ నొక్కీ నొక్కీ వేలు తిమ్మిరెక్కింది. ఆ పేరు దొరికింది, ఆన్ చేసింది. మళ్ళీ అదే కమాండ్. ఈసారి ఎర్ర అక్షరాలు రాలేదు. లినక్స్ దిగడం మొదలైంది. కొండమీది నెట్ కదా, చీమ బియ్యపు గింజని లాగినట్టు లాగుతోంది.

“పాస్‌వర్డ్ అడుగుతోంది. కొడుతుంటే ఏమీ పడట్లేదు చేట్టా, కీబోర్డు కూడా పోయినట్టుంది!”

“పోలేదు. పాస్‌వర్డ్ కనబడదు. నమ్మి కొట్టు.”

నమ్మి కొట్టింది. సిజో ఎప్పుడో ఇచ్చి ఉంచిన పెన్‌డ్రైవ్‌లోని ప్రోగ్రాంని లోపలికి కాపీ చేసింది. తరువాతి కమాండ్ అడిగితే అవతల్నుంచి జవాబు లేదు.

“చేట్టా? సిజో చేట్టా! పెట్టేశావా?”

ఊపిరి కూడా వినబడలేదు. జిస్మి తనకి తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచింది. ఎంతసేపటికో మళ్ళీ ఆ గుసగుస వచ్చింది.

“ఉన్నా. ఏదో చప్పుడైతే ఆగాను. ఎంతవరకు వచ్చావు?”

“కాపీ అయింది.”

“ప్రోగ్రాం పేరు ముందు చుక్క, ఏటవాలు గీత పెట్టి నడుపు. తొందరగా, జిస్మీ.”

నడిపింది. పర్మిషన్ లేదంది. అతను ఇంకో కమాండ్ చెప్పాడు. అందులో ఒక అక్షరం తప్పింది. మళ్ళీ కొట్టింది. నల్లటి తెర మీద అంకెలు కదిలాయి. వాటి కింద తోట పేరు, దిక్కు, దూరం.

“వచ్చింది!” కుర్చీలోంచి లేచిపోయింది. “సార్, తడియన్ వాగులో ఉన్నాడు! తోటకి బాగా దిగువన. నీళ్ళలో నిలబడ్డాడు, కదలట్లేదు!”

“పైదారిన దిగండి, చప్పుడు చెయ్యకండి!” కురువిళ వాకీటాకీలో అరిచాడు.

“దిగువనే కదా? సరిగ్గా చూశావా?” ఫోన్‌లో సిజో.

“చూశాను. వాగులోనే.”

“సరే. పైనుంచే రమ్మను.”

పాపం, బాప్తిస్మం మధ్యలో ఎంత విసిగించానో అనుకుంది జిస్మి. అయినా ఫోన్ పెట్టబుద్ధి కాలేదు. చెవికి అలాగే ఆనించుకుని, కురువిళ చేతిలోని వాకీటాకీ వైపు చూస్తూ నిలబడింది. అయ్యావు గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

“దొరికాడు! ప్రాణంతో ఉన్నాడు!” అన్న గార్డు కేక, వాకీటాకీలో కంటే ముందు, జిస్మి చెవి దగ్గరి ఫోన్‌లో వినిపించింది.