అవ్వ మడుగు

తెల్లవారినప్పటి నుంచీ ఒలెబిలె అవ్వ కోసం వెతుకుతున్నాడు. అవ్వ జాడ లేదు.

అవ్వ అంటే మనిషి కాదు. లెక్వా నదిలో, పెద్ద బండ వెనక మడుగులో ఉండే బంగారు రంగు చేప. దాని ఎడమ రెక్క సగం చిరిగి ఉంటుంది. పదకొండేళ్ళలో ఒలెబిలె దాన్ని తొమ్మిదిసార్లు పట్టాడు. తొమ్మిదిసార్లూ నోట్లోంచి గాలం తీసి, నీళ్ళలోనే రెండు చేతులతో పట్టుకుని, అది తోక విదిలించేదాకా ఆగి వదిలేశాడు.

వానపామును గుచ్చి పట్టే వేట కాదది. గినీకోడి ఈక, మేక వెంట్రుక కలిపి కొక్కేనికి దారంతో చుట్టి దొంగ పురుగును తయారుచేయాలి. నిజం పురుగేనని చేప నమ్మేలా దాన్ని నీటి మీద వాల్చాలి. ఒలెబిలెకు ఏడో ఏట పట్టిన పిచ్చి. ముప్పై ఏళ్ళు పరాయి పొలాల్లో ట్రాక్టరు తోలినా ఆదివారం వస్తే ఏటి ఒడ్డునే. పోయిన నెల ఆ ట్రాక్టరు తాళాలు యజమానికి అప్పగించి వచ్చేశాడు. ఏటి పక్కన కొత్తగా వెలిసిన విడిదిలో, చేపల కోసం వచ్చేవాళ్ళకు దారి చూపే గైడు కావాలన్నారు. చేతిలో ఉన్న పని వదులుకున్నాడని భార్య ఆ రోజు నుంచీ మాట్లాడటం లేదు.

గైడు పోస్టు ఒకటే, సోమవారం నుంచి పని. అడిగినవాళ్ళు ఇద్దరు. రెండోవాడు సెయాబెలో. చిన్నప్పుడు ఒలెబిలె వెనకే తిరిగి, పురుగు కట్టడం అతని దగ్గరే నేర్చుకున్నవాడు.

విడిది యజమానురాలు మారీకె నగరం నుంచి వచ్చి ఆరు నెలలైంది. ఎవరి పనితనం ఎంతో చూద్దామని ఇద్దరినీ వెంటబెట్టుకుని మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉంది.

“అంత పెద్ద చేప అంటున్నారు. కాల్చుకు తింటే ఎలా ఉంటుంది?” అని అడిగింది.

సెయాబెలో పకపకా నవ్వాడు. “ఆయన్నా మీరడిగేది! చేపల గురించి అన్నీ చెబుతాడు, రుచి ఒక్కటి తప్ప. చేపకు ఆడే మనిషమ్మా.”

“ఆడటమేంటి?”

“మా దగ్గర వంశం పేరు అడగరు. దేనికి ఆడతావని, అంటే మీ వంశం ఏ జంతువును కొలిచి చిందేస్తుందని అడుగుతారు. నేను మొసలికి ఆడతాను. అన్న ఇంటివాళ్ళు చేపకు. దేనికి ఆడితే దాన్ని తినకూడదు.”

“తింటే?”

ఒలెబిలె నీటి మీద నుంచి చూపు తిప్పకుండానే జవాబిచ్చాడు. “ఒక్క ముక్క నోట్లో పడినా ఇక ఏట్లో కాలు పెట్టకూడదు. మా తాత పెట్టిన కట్టు. అందుకే వదిలిపెట్టే ఈ వేటంటే నాకింత...”

మాట సగంలో ఆగింది. బండ మీద బొటనవేలి గోరంత పొలుసులు. బంగారు రంగువి. వాటి మధ్య సగం చిరిగిన రెక్క.

ఒలెబిలె ఆ రెక్కను అరచేతిలోకి తీసుకున్నాడు.

“ఈ చోటు ఇద్దరికే తెలుసు,” అన్నాడు చివరికి.

“ఎవరెవరికి?” అంది మారీకె.

అతను సెయాబెలో వైపు చూశాడు.

“నన్నంటున్నావా?” సెయాబెలో గొంతు లేచింది. “అన్నా, నన్నా? నీ పెళ్ళికి మేకను భుజాన మోసుకొచ్చినవాణ్ణి! ఎగువన వలలవాళ్ళు వారం నుంచీ తిరుగుతుంటే నీ కంటికి నేను దొరికానా?”

“వలవాడు ఇక్కడ కూర్చుని చేపను శుభ్రం చేసుకోడు. సంచిలో వేసుకుని పోతాడు.”

“అయితే దొంగను నేనే. పో, ఊరంతా చెప్పుకో!”

నీళ్ళు చిమ్ముకుంటూ ఒడ్డెక్కి విడిది వైపు వెళ్ళిపోయాడు.

“అవ్వను చూపించలేకపోయానమ్మా,” అన్నాడు ఒలెబిలె. “పోస్టు వాడికే ఇవ్వండి.”

“చేప పోయిందని కళ్ళనీళ్ళు పెట్టుకునే గైడును నేనింతవరకూ చూడలేదు,” అంది మారీకె. “సోమవారం నుంచి గైడువు నువ్వే. నిన్న సాయంత్రం సెయాబెలో కూడా అదే అన్నాడు, నాకంటే ఆయనకే ఇవ్వండి అని.”

ఒలెబిలెకు తల కొట్టేసినట్టయింది. ఒడ్డెక్కి దాదాపు పరుగెత్తాడు.

విడిది వెనక, మూడు కాళ్ళ ఇనుప కుండ ముందు సెయాబెలో మంట ఎగదోస్తున్నాడు.

“తమ్ముడూ, నోరు జారాను.”

“ఫరవాలేదు దొరా. సోమవారం నుంచి రోజూ పడాల్సిన మాటలేగా.”

“వెక్కిరించకురా. నీ మాట చెప్పింది ఆవిడ. సిగ్గుతో చచ్చిపోతున్నాను.”

“చావడమెందుకు, కూర్చో. పొద్దున్నుంచీ నువ్వు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఒకే పళ్ళెంలో చెయ్యి పెడితే గొడవ తీరినట్టే కదా, రా.”

మొక్కజొన్న పిండి ముద్ద. దాని మీద కారం దట్టించిన ఎర్రటి కూర, అందులో గుండ్రటి ఉండలు. ఘాటుకు ఒలెబిలె కళ్ళు కారిపోయాయి. కారానికో, అవ్వకో, తను అన్యాయంగా అనుమానించిన ఈ మనిషికో అతనికే తెలియలేదు. ఆబగా తిన్నాడు. సెయాబెలో తన వైపున్న ఉండల్ని కూడా అతని వైపు జరిపి, అతను తినడం చూస్తూ కూర్చున్నాడు.

“మెల్లగా తినన్నా,” అన్నాడు కాసేపటికి, “ముళ్ళుంటాయి.”