తడి అట్ట వాసన

అక్షరాలు వంకరగా ఉంటే, ఒత్తులు తప్పితే మన్నించండి. మా ఆయన పోయాక, వయసు మళ్లాక నేర్చుకున్న చదువు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి తొమ్మిది రోజులు పట్టింది.

ఆ బీరు బట్టీలో రుచి తెలిసిన నాలుక ఒక్కటే. అది యజమాని భార్యది.

యజమాని కాచే నల్ల ఏల్ అనే బీరు మామూలు బీరుకు రెండింతలు గట్టిది. బార్లీని మాడీ మాడనట్టు వేయించి, కాచి, పులియబెట్టి, పది నెలలు చెక్కపీపాలో దాస్తాడు. కాచడం అతనికి వచ్చు. రుచి చెప్పడం రాదు. అందుకే ప్రతి పీపా నుంచీ మొదటి గ్లాసు భార్య చేతికిస్తాడు. బాగుందంటే ఆ రోజుకు గండం గడిచినట్టే. బాలేదంటే గోడకున్న తెడ్డు కిందికి దిగుతుంది.

ఆ రోజు ఆమె గ్లాసును వెలుతురుకెత్తి చూసింది. వాసన పీల్చింది. ఒక గుక్క నోట్లో తిప్పి మింగి, ఊపిరి ముక్కులోంచి వదిలింది.

“మొదట కాల్చిన చక్కెర. తర్వాత ఎండుద్రాక్ష. గొంతు దిగగానే ఒళ్లు వెచ్చబడుతోంది.” ఆగింది. “చివర్లో తడి అట్ట వాసన వస్తోందండీ. పీపాలోకి గాలి పోయింది. దీన్ని పంపొద్దు.”

తెడ్డు మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది మోచేతి మీద. గ్లాసు పగిలింది.

“పది నెలల కష్టం నీకు అట్టముక్కలా ఉందా?”

మూలన అతని తల్లి సీసాలు కడుగుతోంది. అందరూ ఆమెను సీసాలమ్మ అంటారు. వేలిముద్ర మనిషి. కొడుకు చెయ్యెత్తినప్పుడల్లా సీసాల చప్పుడులో ఆమెకేమీ వినపడదని పేరు.

దెబ్బలు ఆగాక కోడలు వెళ్లి అత్త పక్కన కూలబడింది. బల్ల మీద ఒలికిన నురగలో వేలితో ఏదో గీసింది. సీసాలమ్మ తలవంచి చూసి, గుడ్డతో తుడిచేసింది. వాళ్లిద్దరికీ అది రోజూ ఉన్న ఆటే.

మధ్యాహ్నం రుచులాయన వచ్చాడు. హోటళ్లకు బీరు ఎంపిక చేసే మనిషి. ఆయన సరేనంటే ఏల్ ముప్పై హోటళ్లకు పోతుంది. కాదంటే మురిక్కాలవకు పోతుంది.

ఒక గుక్క తాగి గోడ పట్టుకున్నాడు.

“అబ్బో! ఇది పడుకుని తాగాల్సిన సరుకయ్యా. ఎలాగూ పడేదే కదా, ఆ శ్రమ తగ్గుతుంది.”

యజమాని పగలబడి నవ్వాడు. రుచులాయన రెండో గుక్క తాగాడు. గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

“వెనకాల తడి అట్ట తగులుతోంది. ఇంట్లో ఎవరూ చెప్పలేదా?”

“ఇంకో పీపా ఉందండి. ఎల్లుండి రండి” అన్నాడు యజమాని.

గేటు మూసుకోగానే భార్య జుట్టు పట్టుకున్నాడు.

“నువ్వే చెప్పావ్ ఆయనకి. ఇద్దరి నోటా ఒకటే మాట ఎలా వస్తుంది?”

“తాగితే ఎవరికైనా తెలుస్తుందండీ...”

కాగుతున్న బార్లీ నీళ్లలోంచి ఇనప గరిటె తీశాడు. ఆమె దవడలు నొక్కిపట్టి, దాన్ని నాలుక మీద ఆనించాడు. అరుపు సగంలోనే ఆగిపోయింది.

“ఒరేయ్, చాల్రా!” సీసాలమ్మ లేచింది.

“నువ్వు సీసాలు కడుక్కో అమ్మా.” గరిటె విసిరేశాడు. “ఎల్లుండి ఆయన ఆ పీపా కూడా తిప్పికొడితే, దీన్ని తొట్టిలో ముంచి చంపేస్తా. చూస్తూ ఉండు.”

అతను అన్నది చేసే మనిషి.

బీరు పులిసే తొట్టి నేలలోకి బావిలా దిగి ఉంటుంది. బీరు తోడేశాక కూడా అడుగున చెడ్డగాలి నిలిచి ఉంటుంది. కంటికి కనపడదు. రెండు పీల్పులకే మనిషిని కూల్చేస్తుంది. అందుకే అక్కడో పద్ధతి ఉంది. ముందు వెలిగించిన లాంతరును తాడుతో దింపాలి. ఆరిపోతే ‘దిగొద్దు’ అనీ, వెలుగుతూ ఉంటే ‘దిగవచ్చు’ అనీ పలక మీద రాసి తొట్టి పక్కన తగిలించాలి. ఆ పని భార్యది. దిగి అడుగు గీకే పని యజమానిది. అది ఇంకొకరికి అప్పగించడు. పలక చూడకుండా అతను ఏనాడూ దిగలేదు. పలక చూశాక లాంతరు సంగతి ఏనాడూ అడగలేదు.

మర్నాడు పొద్దున పలక మీద ‘దిగవచ్చు’ అని ఉంది.

అతను నిచ్చెన దిగాడు. సగంలో ఒక దగ్గు. తర్వాత బస్తా పడ్డట్టు చప్పుడు. కాసేపు గోళ్లు గోడను గీకాయి. ఆ తర్వాత అదీ లేదు.

ఇన్‌స్పెక్టర్ లాంతరు దింపించాడు. సగం లోతులోనే ఆరిపోయింది.

“ఈ ఇంట్లో రాయడం ఎవరికొచ్చు?”

“మొగుడూ పెళ్లాలకేనండి” అన్నాడు బట్టీలో పీపాలు చేసే వడ్రంగి. “సీసాలమ్మకి సున్నా చుట్టడం కూడా రాదు.”

ఇద్దరిలో ఒకడు శవం. రెండో మనిషి పైగదిలో జ్వరంతో, వాచిన నాలుకతో పడి ఉంది. కాగితం ఇస్తే ‘నేను కిందికి రాలేదు’ అని రాసింది.

“ఈవిడ రాత ముత్యాల్లా ఉంది సార్. పలక మీదవేమో కాకి గీతలు” అన్నాడు కానిస్టేబుల్.

“మొగుణ్ణి చంపేటప్పుడు చెయ్యి వణకదేంటయ్యా?”

పలకను గుడ్డలో చుట్టించి, ఆమెను బండెక్కించాడు. ఎక్కేముందు ఆమె అత్త అరచేతిలో వేలితో ‘వద్దు’ అని రెండక్షరాలు గీసి, వెంటనే తుడిచేసింది.

కేసు ఏడాది నడిచింది. నాలుక మానలేదు. సోమవారం తీర్పు. ఉరి తప్పదంటున్నారు.

జడ్జిగారూ, ఈ కాగితాన్ని ఆ పలక పక్కన పెట్టి చూడండి — ఇట్లు, సీసాలమ్మ, డెబ్బై రెండేళ్లు, ఉంటున్నది బట్టీ పైగదిలో, కోడలి ఖాళీ మంచం పక్కన.