అక్క రాసిన జవాబులు

“ఈ జవాబులన్నీ నువ్వే రాశావా బాబూ?” లాప్‌టాప్‌లోంచి కౌన్సిలరు నిలదీసింది.

తమ్ముడు ఓరగా అక్క వైపు చూశాడు. కెమెరాకి కనపడకుండా బల్లకి అటువైపు కూర్చున్న అక్క, అవునని చెప్పరా అన్నట్టు గబగబా తలూపింది.

“అవును మేడమ్.”

హమ్మయ్య అనుకుంది అక్క. మత్తు మానిన కుర్రాళ్లు మళ్లీ అందులో పడకుండా ఆన్‌లైన్‌లో చెప్పే పాఠాలవి. విన్నాక జవాబులు రాసి పంపాలి. కార్ల షెడ్డులో ఇంజన్లతో కుస్తీ పట్టి వచ్చి కూడా వాడు పాఠం బుద్ధిగానే వింటాడు. రాయమంటేనే ఎక్కడలేని ఆవలింతలూ వస్తాయి. స్కూల్లో ఉన్నప్పుడూ వాడి హోంవర్కు అక్కే రాసిపెట్టేది. పైగా ఇప్పుడు ఆసుపత్రిలో నర్సు, ఇలాంటివాళ్లని రోజూ చూస్తూనే ఉంటుంది. ఏం రాయాలో ఆమెకి ఒకరు చెప్పాలా?

“అయితే నువ్వు మళ్లీ మత్తు మాన్పించే సెంటర్లో చేరాలి,” అంది కౌన్సిలరు. “మా బండి బయల్దేరింది. బట్టలు సర్దుకో.”

అక్క లేవబోయి, కెమెరా గుర్తొచ్చి ఆగింది. ఇంకోసారి సెంటరంటే ఇటు రావద్దని షెడ్డు ఓనరు ముందే తెగేసి చెప్పాడు. ఆ పని పోతే వీడు మళ్లీ రోడ్డున పడతాడు, పాత స్నేహాలు రెక్కలు కట్టుకుని వాలతాయి.

“నేనేం చేశాను మేడమ్? ఒట్టు, ముట్టుకోలేదు!” తమ్ముడు లాప్‌టాప్ మీదకి వంగాడు.

“నీ రాత అలా చెప్పట్లేదు. చదువుతాను విను. ‘ఒక బిళ్లతో ఆపేద్దామనే వేసుకుంటాను. కాసేపటికే చేతులు వణుకుతాయి. ఇంకోటి దొరికేదాకా ఎవరేం మాట్లాడినా చెవికెక్కదు. ఇంట్లోవాళ్ల ముందు నవ్వుతూ తిరగడమే అన్నిటికన్నా కష్టం.’ ఇది మానేసినవాళ్ల మాట కాదు బాబూ. ఇవాళ కూడా వాడుతున్నవాళ్ల మాట.”

వీధిలో బండి ఆగిన చప్పుడైంది. అక్క ఇక ఆగలేకపోయింది. కుర్చీ తన్నేసుకుంటూ వచ్చి తమ్ముడి భుజం పట్టుకుని కెమెరా ముందు నిలబడింది.

“వాడి తప్పేం లేదు మేడమ్! అవన్నీ రాసింది నేను. వాడికి రాయడం బద్ధకమని... కావాలంటే ఇప్పుడే రక్తం తీసి పరీక్ష చేయించండి. వాడు నిజంగా మానేశాడు!”

కౌన్సిలరు ఆ జవాబుల వైపు మళ్లీ ఒకసారి చూసింది. “మీరు రాశారా?” అంది నెమ్మదిగా.

“నర్సుని కదండీ. ఆసుపత్రిలో చూసినవే ఏవో ఊహించి రాశాను. దయచేసి బండి వెనక్కి పంపెయ్యండి.”

కాలింగ్ బెల్ మోగింది. తమ్ముడు కదల్లేదు. తన భుజమ్మీద ఉన్న అక్క చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. అది చల్లగా ఉంది, వణుకుతోంది.

“అక్కా, నాది గంజాయి,” అన్నాడు. “బిళ్లల జోలికి నేనెప్పుడూ పోలేదే.”

అక్క చెయ్యి లాక్కోబోయింది. వాడు వదల్లేదు. కళ్లు తుడుచుకోకుండానే తెర వైపు తిరిగాడు.

“బండి ఉండనివ్వండి మేడమ్. అక్క వస్తుంది.”