పైమూత లేని శాండ్‌విచ్

"ఐదు నిమిషాల్లో లంచ్ రెడీ!" అన్నాడతను, చొక్కా చేతులు పైకి మడుస్తూ.

"మీరు ఆ మాట అన్న ప్రతిసారీ నేను ఆకలితోనే పడుకున్నాను," అంది ఆమె, లాప్‌టాప్ మీంచి చూపు తిప్పకుండా.

భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచి ఉంది. తెర మీద ఇంకెవరి గోలో నడుస్తోంది. వీళ్ళ వంతు ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు. అతని ఫోనులో సిగ్నల్ నిలవదు కాబట్టి ఇద్దరూ ఈ ఒక్క తెర ముందే హాజరు కావాలి. ఈసారీ తేడా వస్తే వ్యవహారం మళ్ళీ మొదటికొస్తుంది. ఫీజు పుచ్చుకున్న పెద్దమనిషి మరీ మరీ చెప్పాడు: "ఒకరు ఔనంటే ఇంకొకరు కాదనకండి. ఒక్క మాట మీద నిలబడండి, చాలు."

ఇన్నేళ్ళ కాపురంలో వాళ్ళు ఒక్క మాట మీదికి వచ్చింది ఈ ఒక్క విషయంలోనే. దాన్ని చెడగొట్టుకోవడం ఇద్దరికీ ఇష్టం లేదు.

ఫ్రిజ్‌లో పొగబెట్టిన చేప దొరికింది. వండే పని లేదు, బ్రెడ్డు మీద పరుచుకుని తినడమే. ఆ మాత్రం వంట మగవాడెవడైనా నెగ్గుకొస్తాడు. అతను మాత్రం కత్తి దగ్గరే ఆగిపోయాడు.

"కత్తి ఏదీ?"

"పై సొరుగులో."

"ఎప్పుడూ కింద కదా ఉండేది?"

"మార్చాను. మీకు చెప్పి మార్చాలా?"

"మరి బ్రెడ్డు ఒక్క ముక్కే ఉందేమిటి?"

"చిన్న ప్యాకెట్టే తెస్తున్నా ఈమధ్య. పెద్దది తెస్తే బూజు పడుతోంది."

ఇంకొకరైతే అక్కడే చేతులెత్తేసేవారు. అతను మాటలకి ఏనాడూ తడుముకోడు. దీన్ని పైమూత లేకుండానే తినాలని, పెద్ద హోటళ్ళలో ఇప్పుడిదే ఫ్యాషనని ఉపన్యాసం మొదలుపెట్టాడు. వెన్న ముందు రాయాలా, కాల్చాక రాయాలా అన్న దాని మీద చిన్నపాటి యుద్ధం జరిగింది. ఆమె గెలిచింది. బ్రెడ్డు మాడింది. ఇద్దరూ కలిసి టోస్టర్‌ని తిట్టారు.

ఆమె లేచి వచ్చి ఉల్లిపాయ చక్రాలు తరిగింది. బ్రెడ్డు ముక్కలో సగం మీదే పరిచింది. పచ్చి ఉల్లి అతనికి పడదు. అతను చేప మీదికి వంగి, ఒక్కో ముల్లూ గోటితో పట్టి లాగుతున్నాడు. ఒకప్పుడు ఆమె గొంతులో ముల్లు ఇరుక్కుంటే ఆసుపత్రిలో వెక్కి వెక్కి ఏడ్చింది అతనే.

"చాల్లెండి, వాళ్ళు పిలిచేస్తారు."

"పిలవనీ. ముల్లు పిలిచి గుచ్చుకోదు కదా!"

నిమ్మకాయ పిండి, ముక్కని మధ్యకి కోసి, ఒకే పళ్ళెంలో పెట్టుకుని తెర ముందు కూర్చున్నారు. ఇంకో పళ్ళెం తీసే టైము లేదు.

"బాగుందా?"

"ఉప్పెక్కువ," అంటూనే ఆమె పెద్ద ముక్క కొరికి నవ్వింది. ఆ నవ్వు చూసి చాన్నాళ్ళయింది. అతనికి ప్రాణం లేచొచ్చింది. అతనూ కొరికాడు.

సరిగ్గా అప్పుడే తెర మీద ఇద్దరి ముఖాలూ ప్రత్యక్షమయ్యాయి. బుగ్గల నిండా బ్రెడ్డు. ఔననడానికి ఒక్కరికీ నోరు తెరుచుకోలేదు.

జడ్జిగారు కళ్ళజోడు సవరించుకుని పళ్ళెం వంక చూస్తూ అడిగారు: "ఒకరితో ఒకరికి క్షణం కూడా పొసగడం లేదు, విడాకులు ఇప్పించమని అర్జీ పెట్టుకుంది మీరిద్దరేనా?"