పిడికిలి, అరచెయ్యి

"అరిచాను."

"అరవలేదు."

"గొంతు చించుకుని అరిచానురా, 'బయటే ఉండు' అని! నువ్వేమో లోపలికి దూసుకొచ్చి, నేను పట్టుకున్నవాడినే మళ్లీ పట్టుకున్నావు. అంచు గీత పక్కవాడు దర్జాగా పోయి బంతి నేలకానించి ట్రై కొట్టేశాడు."

ఆట ముగిశాక జట్టంతా దిగే పెద్ద తొట్టిలో నీళ్లు బురదరంగుకి తిరిగాయి. ఎదురుగా కూర్చుని దెబ్బలాడుతున్న విల్ఫ్ మొహంలోకే హెడ్లీ చూస్తున్నాడు. ఫెదర్‌స్టన్ గని రగ్బీ జట్టుకి ఎడమ అంచున హెడ్లీ వింగర్, అతని పక్కన విల్ఫ్ సెంటర్. పెళ్లిళ్లు కాకముందు నుంచీ ఆ అంచు వాళ్లిద్దరిదే. ఎదుటివాళ్లు బంతిని అటు తిప్పినప్పుడు వింగర్ లోపలికి రావాలా, గీత దగ్గరే నిలబడాలా అన్నది సెంటరే అరిచి చెప్పాలి. వింగర్ కళ్లు బంతి మీద ఉంటాయి కాబట్టి సెంటర్ మాట నమ్మి తీరాలి. ఆ నమ్మకం పోతే ఇక అంచే లేదు.

కోచ్ తొట్టి అంచు మీదికి వంగి హెడ్లీ మొహంలో మొహం పెట్టాడు. "శనివారం సెమీఫైనల్. మీ వైపునుంచి ఇంకొక్క ట్రై పడిందో, నీ జెర్సీ రిజర్వులో ఉన్న కుర్రాడికిచ్చేస్తా."

ఆ జెర్సీ లేకపోతే హెడ్లీ గనిలో బొగ్గు తొలిచే డ్రిల్లు పట్టుకునే వందమందిలో ఒకడు, అంతే. విల్ఫ్ అరవలేదు. కావాలనే అరవలేదు. ఎందుకు?

ఈ అనుమానం ఇవాళ పుట్టింది కాదు. క్లబ్బులో తను బీరు గ్లాసుతో దగ్గరికి వెళ్తే చాలు, మాటలు సన్నగిల్లిపోతాయి. అందరూ పగలబడి నవ్వుతారు. "ఏంట్రా అది?" అంటే, "ఏం లేదులే" అంటారు. ఇంట్లో ఎడ్నా కూడా అంతే. సింకు దగ్గర అటు తిరిగి తనలో తనే గొణుక్కుంటుంది, ఆనక "చెప్పాను కదయ్యా!" అని గయ్యిమంటుంది. మొన్న నీళ్లు మరిగితే ఈల వేసే కెటిల్ పొయ్యిమీద మాడి మసైపోతే, పక్కనే పేపరు చదువుకుంటున్న అతనిదే తప్పంటుంది. పెట్టి మరిచిపోయింది ఆవిడ, పడాల్సింది అతనా?

బుధవారం గనినుంచి వస్తూ వంటింటి కిటికీలోంచి చూశాడు. బల్ల దగ్గర ఎడ్నా, ఎదురుగా విల్ఫ్. ఆమె కళ్లు తుడుచుకుంటోంది. అతని చెయ్యి ఆమె చేతి మీద ఉంది. హెడ్లీ తలుపు తోసేసరికి ఇద్దరూ ఠక్కున నోళ్లు మూసుకున్నారు.

"ఏంటి సంగతి?"

"శనివారం ఆట గురించి మాట్లాడదామని..." అన్నాడు విల్ఫ్.

"దానికి నా పెళ్లాం చెయ్యి పట్టుకోవాలా?"

ఎడ్నా విల్ఫ్ వైపు చూసింది. "చెప్పెయ్ విల్ఫ్. ఇంకెన్నాళ్లు దాస్తాం?"

"శనివారం అయిపోనీ ఎడ్నా. ఆ ఒక్క ఆటా ఆడనీ."

అంటే ఇద్దరూ నిర్ణయించేసుకున్నారన్నమాట, అనుకున్నాడు హెడ్లీ. ముహూర్తమే మిగిలింది.

విల్ఫ్ లేచి అతని భుజం పట్టుకున్నాడు. ఈ మధ్య ప్రతిదానికీ ముట్టుకోవడం ఒకటి నేర్చాడు. "ఒరేయ్, ఈసారి అరవను. చేత్తో చూపిస్తా. పిడికిలైతే లోపలికి రా. అరచెయ్యైతే బయటే ఉండు."

"కొత్తగా ఇదేంటి?"

"మన అరుపులు అవతలివాళ్లు పట్టేస్తున్నారు. బంతి సంగతి వదిలెయ్. నన్నే చూడు."

"నిన్నా!" అన్నాడు హెడ్లీ. "నిన్ను కనిపెట్టుకునే ఉంటాలే."

శనివారం నిజంగానే కనిపెట్టుకున్నాడు. విల్ఫ్ చేతిమీంచి చూపు తిప్పలేదు. పిడికిలి కనిపించింది, లోపలికి దూకి ఒకణ్ణి పడేశాడు. అరచెయ్యి కనిపించింది, గీత దగ్గరే నిలబడి ఇంకొకణ్ణి మైదానం బయటికి నెట్టేశాడు. పాతరోజుల్లోలాగే ఆ అంచు మూసుకుపోయింది. ద్రోహి అయినా సెంటర్ సెంటరే అనుకుని కుమిలిపోయాడు. ఒకప్పుడు ఇలాంటి ఆటకి రేకుల కప్పు ఎగిరిపోయేలా అరిచేవారు. ఇప్పుడు జనంలో కూడా పస లేదు.

ఆట చివరికొచ్చింది. గని జట్టు రెండు పాయింట్లు వెనకబడి ఉంది. ఎదుటి జట్టు బంతిని ఎడమ అంచుకి తిప్పింది. విల్ఫ్ అరచెయ్యి చూపించాడు. హెడ్లీ కదల్లేదు. అవతలి సెంటర్ విసిరిన పొడుగాటి పాసు నేరుగా అతని చేతుల్లోకే వచ్చి పడింది.

పరుగు తీశాడు. ఎవడూ అందుకోలేకపోతున్నాడు! మెడ తిప్పి చూస్తే ఒక్క విల్ఫే వెంటపడుతున్నాడు, రెండు చేతులూ పైకెత్తి, ఆగు ఆగు అన్నట్టు ఊపుతూ.

ఇప్పటికి బయటపడ్డాడు దొంగ! తన సొంత ట్రైనే ఆపడానికి వస్తున్నాడు! పెళ్లాన్నీ, జెర్సీనీ లాక్కోబోయింది చాలక, ఇది కూడానా?

హెడ్లీ పళ్లు బిగించి మరింత జోరుగా పరిగెత్తాడు. గోలుకర్రల మధ్య బంతితో సహా నేలమీదికి దూకాడు. లేచి చేతులెత్తాడు.

ఒక్కరూ కౌగిలించుకోడానికి రాలేదు. ఎదుటి జట్టువాళ్లు సగం మైదానం అవతల నడుం మీద చేతులేసుకుని నిలబడ్డారు. మైదానం కంచె దగ్గర ఎడ్నా రెండు చేతులతో మొహం కప్పుకుంది. విల్ఫ్ రొప్పుతూ వచ్చాడు. అతని కళ్లలో నీళ్లు. హెడ్లీ భుజాలు పట్టుకుని, మెల్లగా వెనక్కి తిప్పి, వేలితో చూపించాడు.

మైదానం మధ్యలో రిఫరీ, బుగ్గలుబ్బించి, ఇంకా విజిల్ ఊదుతూనే ఉన్నాడు. చప్పుడు మాత్రం లేదు.