ఇకుతా గుడి దాకా

"గుడికని చెప్పి ఇక్కడికి తెచ్చావేంటి? ఈ ఎర్ర గోపురం ఎక్కి కొత్తగా నేనేం చూడాలి? పుట్టినప్పట్నించీ చూస్తూనే ఉన్నాగా ఈ సముద్రాన్ని!" పోర్ట్ టవర్ కింద ఆగిపోయి, చేతికర్ర నేలకేసి కొట్టింది సుయెకో.

"గాలి ఎక్కువగా ఉంది అత్తయ్యా. పైన కూచుని ఓ కాఫీ తాగి ఇంటికెళ్ళిపోదాం. గుడికి ఇంకోరోజు వెళ్ళొచ్చు" అంది చిజురు.

"ఇంకోరోజా? రేపేగా వాడి ఆపరేషన్! మొగుడి కోసం నాలుగడుగులు వెయ్యడానికి కూడా బద్ధకమేనా నీకు?"

మొక్కుకోవడానికి ఇంకేమీ మిగల్లేదని చిజురు ఎలా చెబుతుంది? తెల్లవారుజామునే, పక్క గదిలో అత్తగారు పడుకుని ఉండగా, ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. కోహెయ్ నిద్రలోనే పోయాడు.

అత్తగారికి కిందటి ఏడు గుండెపోటొచ్చింది. ఇంకో దెబ్బ తగిలితే తట్టుకోలేదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. "సాయంత్రానికి వచ్చేస్తాను వదినా. ఇద్దరం కలిసి, డాక్టర్ని పక్కన పెట్టుకుని చెబుదాం. అందాకా అమ్మని ఫోనుకీ, ఇరుగుపొరుగుకీ దూరంగా ఉంచు" అని ఒకయామాలో ఉన్న ఆడపడుచు మిచియో ఏడుస్తూ బతిమాలింది. ఆసుపత్రికి తమ్ముణ్ణి పంపింది చిజురు. కట్టుకున్నవాణ్ణి తను ఇంకా కళ్ళారా చూసుకోనే లేదు.

ముసలావిడని గుమ్మం దాటించడానికి ఇంకే వంకా తోచక, 'గుడికెళ్ళి మొక్కుకుందాం' అనేసింది. అదే పెద్ద తప్పయిపోయింది. ఇంట్లో మనిషి పోతే యాభై రోజుల దాకా గుడి ముందున్న తోరీ ద్వారం దాటకూడదు. చావు మైలతో దేవుడి ముందుకెళ్ళడం ఇంటావంటా లేదు. ఆ సంగతి సగం దారిలో గుర్తొచ్చి ఈ టవర్ దగ్గర ఆపింది. ఆవిడ వింటేగా!

"నడు, నడు" అంటూ సుయెకో అప్పటికే ముందుకు సాగింది.

రేవులో షికారు పడవ కూత పెట్టి కదిలింది. పద్నాలుగేళ్ళు కోహెయ్ నడిపిన పడవ అది. చుక్కాని దగ్గర ఎవరో కుర్రాడు నిలబడి ఉన్నాడు. చిజురు కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"అటేం చూస్తావు? ముందు చూసి నడువు, పడతావు" అంటూ సుయెకో వచ్చి మోచెయ్యి పట్టుకుంది. తరవాత వదల్లేదు.

చైనావాళ్ళ దుకాణాలుండే నాన్‌కిన్‌మాచి సందులోకి వచ్చేసరికి ఆవిరి కుడుముల వాసన ముక్కుకి తగిలింది. చిజురు ఆగకుండా నడవబోయింది. సుయెకో మాత్రం ఎప్పుడూ కొనే దుకాణం ముందు ఆగింది.

"ఏం అమ్మగారూ, కోహెయ్ ఎలా ఉన్నాడు?" అనడిగాడు దుకాణం హయాషి, బుట్ట మూత తీస్తూ.

"బాగున్నాడు" అన్నారిద్దరూ ఒక్కసారే.

"ఆపరేషనయ్యాక ఓసారి ఇటు రమ్మనండి. ఇక్కడ నాలుగు తిన్నాడంటే మీ వంటకి వంకలు పెట్టడు" అంటూ నవ్వాడు హయాషి. చిజురు కూడా నవ్వింది. ఎలా నవ్విందో తనకే తెలీదు.

సుయెకో ఒక్క కుడుమే కొని కోడలి చేతిలో పెట్టింది. "తిను. పొద్దుట్నించీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు నువ్వు."

"మరి మీకో?"

"నాకు పళ్ళు నొప్పి. నువ్వు తింటావా, లేక ఇక్కడే నలుగురిలో నీకు ముద్దలు పెట్టాలా?"

చిజురు ఒక్కో ముక్కే తుంచి మింగింది. అయిపోయేదాకా ముసలావిడ పక్కనే కాపలా కాసింది.

ఇకుతా వీధి మొదలైంది. ఆ చివర ఎర్రటి తోరీ కనబడుతోంది.

"లోపలికెళ్ళేముందు వంగి దణ్ణం పెట్టాలి. నట్టనడుమ నడవకూడదు, అది దేవుడి దారి. పెళ్ళైన కొత్తలో నువ్వు దర్జాగా మధ్యలోంచే నడిచావు. మావాడు వెనక నిలబడి ఇకిలించాడు" అంది సుయెకో.

"అవును అత్తయ్యా."

"అవునవునని తలాడించడం ఒకటి నేర్చావు."

చిజురు మనసు పరిపరివిధాల పోయింది. తలనొప్పని బయటే ఆగిపోతే? కట్టుకున్న భర్తకి రేపు ఆపరేషన్ పెట్టుకుని గుడి ముందు ఆగిపోయే ఇల్లాలు ఉంటుందా? ఈవిడ క్షణంలో పసిగట్టేస్తుంది. ఇక్కడే, ఈ నడివీధిలోనే కుప్పకూలిపోతుంది. పోనీ లోపలికి వెళితే? ఇన్ని పట్టింపులున్న మనిషి చేత కూడా తెలియకుండా ఆ తప్పు చేయించినట్టవుతుంది. తరవాత తెలిశాక జన్మలో క్షమించదు.

క్షమించకపోతే పోనీ. ఆ పాపమేదో తనకే చుట్టుకోనీ. సాయంత్రం దాకా ఈవిడ కొడుకున్న తల్లిగానే ఉండనీ.

తోరీ ముందు ఇద్దరూ ఆగారు. లోపల ఎవరో కొత్త దంపతులు పసిబిడ్డని ఎత్తుకుని ఫోటో తీయించుకుంటున్నారు. చిజురు మనసులోనే దేవుడికి చెప్పుకుంది, 'ఈవిడకేం తెలీదు స్వామీ, శిక్షంతా నాకే వెయ్యి' అని. నడుం వంచి దణ్ణం పెట్టింది. కళ్ళు మూసుకుని కుడికాలు ఎత్తింది.

వెనకనుంచి కోటు చెయ్యి పట్టుకుని ఎవరో గట్టిగా లాగారు.

తిరిగి చూసింది. సుయెకో దణ్ణం పెట్టలేదు. అడుగు కదపలేదు. ముడతలు పడ్డ బుగ్గల మీద నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఆగు తల్లీ. మైలలో ఉన్నాం, మనం దాటకూడదు."