ఇంజినీరు గారి అల్సేషియన్

పాల్వంచ కాలనీ వెనక మేకలు కాసుకునే సంసోనును ఇంజినీరు వెంకటరామారావు పిలిపించి, తన అల్సేషియన్‌ను తీసుకుపొమ్మన్నాడు. విప్పితే పరుపులు చించుతోందట, కట్టేస్తే రోజంతా అరుస్తోందట.

"గది మందలు కాసే జాతి సారూ. రోజూ ఉరికియ్యాలె. పనీపాటా లేకుండ కట్టేస్తె పిచ్చెక్కదా?" అన్నాడు సంసోను.

"మేకలు కాసేవాడివి, నువ్వా నాకు చెప్పేది? దానికి బుర్ర లేదు. నీకు సరిపోతుందిలే."

నాలుగు నెలల తర్వాత టేకులపల్లి దారిలో జీపులో వెళ్తూ వెంకటరామారావు దాన్ని చూశాడు. నలభై మేకలను ఒక్క అరుపైనా లేకుండా అడవి అంచు నుంచి మళ్లిస్తోంది. ఆయనకు ఆశ పుట్టింది. జీపు దిగి, రోడ్డు పక్కనే నిలబడి, "సీజర్" అని పిలిచాడు.

కుక్క పరుగున వచ్చింది.

"చూశావా, యజమానిని మరిచిపోలేదు. ఇంటికి తీసుకుపోతాను," అన్నాడు, మంద దగ్గరున్న సంసోనుతో గర్వంగా.

కుక్క ఆయన వెనక్కి చేరి, మోకాళ్లను మూతితో నెట్టింది. పక్కకు తప్పుకోబోతే అడ్డం తిరిగి, మడమ దగ్గర ప్యాంటు పట్టి లాగింది. అలాగే తోలుకుంటూ పోయి, ఆయనను మేకల మధ్య నిలబెట్టింది.

సంసోను నవ్వనైనా లేదు.

"అది మిమ్ముల గుర్తువట్టలే సారూ. మంద తప్పిన మేకనుకున్నది."